ఫీజు లేని కాలేజీ వెనక ఉన్న కథ: కెంటకీలోని బెరియా

అమెరికాలో ప్రైవేటు కాలేజీ అనగానే మన ఇళ్లలో ముందు వచ్చే మాట ఫీజు. బ్యాంకు లోను, పొలం తనఖా, డాలరు రేటు, ఈ లెక్కలన్నీ తేలాకే కాలేజీ పేరు. అలాంటి దేశంలో 1892 నుంచి ఒక్క విద్యార్థి దగ్గర కూడా ట్యూషన్ ఫీజు తీసుకోని ప్రైవేటు కాలేజీ ఒకటి ఉంది. కెంటకీ రాష్ట్రంలో లెక్సింగ్టన్ నగరానికి దక్షిణంగా సుమారు 60 కిలోమీటర్లు వెళ్తే, అపలాచియన్ కొండలు మొదలయ్యే చోట బెరియా అనే చిన్న ఊరు వస్తుంది. ఊరి పేరే కాలేజీ పేరు. అక్కడ చదివేది దాదాపు పదిహేను వందల మంది. మన దగ్గర ఒక మోస్తరు ఇంజినీరింగ్ కాలేజీలో అంతకన్నా ఎక్కువ మందే ఉంటారు.

బెరియా గురించి మాట్లాడేవాళ్లు రెండు గొప్పలు చెబుతారు. నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ, ఆడపిల్లలనూ మగపిల్లలనూ కలిపి కూర్చోబెట్టిన మొదటి దక్షిణాది కాలేజీ అన్నది ఒకటి. ఉచిత చదువు అన్నది రెండోది. రెండూ నిజమే. కానీ ఈ రెండు గొప్పలూ చాలాకాలం పక్కపక్కనే నడవలేదు. మొదటిది తలుపులు మూసుకున్న కాలంలోనే రెండోది స్థిరపడింది. ఈ ముడి విప్పకుండా బెరియాను మెచ్చుకుంటే సగం కథే తెలిసినట్టు అని నా అభిప్రాయం.

మొదటి నుంచి చూద్దాం. కాలేజీని స్థాపించిన జాన్ గ్రెగ్ ఫీ 1816లో కెంటకీలోనే, బానిసల్ని ఉంచుకున్న కుటుంబంలో పుట్టారు. మతబోధ చదువుకుంటూ బానిసత్వం పాపమన్న నిర్ణయానికి వచ్చారు. ఆ మాట బయటికి అన్నందుకు తండ్రి ఆయన్ని దూరం పెట్టారు. 1850ల్లో కాసియస్ మార్సెలస్ క్లే అనే భూస్వామి, రాజకీయ నాయకుడు ఆయనకు కొంత స్థలం ఇచ్చి అక్కడ స్థిరపడమన్నారు. బాక్సర్ ముహమ్మద్ అలీ అసలు పేరు కాసియస్ క్లే అని చాలామందికి తెలుసు. ఆ పేరు ఈ బానిసత్వ వ్యతిరేకి నుంచి వచ్చిందే. అలీ కూడా కెంటకీ మనిషే.

1855లో ఫీ ఒకే ఒక్క గదితో బడి మొదలుపెట్టారు. మామూలు రోజుల్లో బడి, ఆదివారం అదే చర్చి. బెరియా అన్న పేరు బైబిల్లోని అపొస్తలుల కార్యాల నుంచి తీసుకున్నారు. కాలేజీ నినాదం కూడా అక్కడిదే: భూమ్మీది జనమంతా ఒకే రక్తం నుంచి వచ్చినవాళ్లని. అప్పటి కెంటకీ బానిస రాష్ట్రం. ఆ రాష్ట్రంలో ఈ వాక్యాన్ని బడి నినాదంగా పెట్టుకోవడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. క్లేకూ ఫీకీ కూడా త్వరలోనే చెడింది. బానిసత్వం మెల్లగా, చట్టం ప్రకారం పోవాలని క్లే వాదన. దేవుడి న్యాయానికి విరుద్ధమైన చట్టాన్ని పాటించనక్కర్లేదని ఫీ వాదన.

1859 అక్టోబరులో బానిసల తిరుగుబాటు లేపాలని జాన్ బ్రౌన్ అనే బానిసత్వ వ్యతిరేకి హార్పర్స్ ఫెర్రీలోని ప్రభుత్వ ఆయుధాగారం మీద దాడి చేశారు. దక్షిణాది అంతా భయంతో, కోపంతో ఊగిపోయింది. డిసెంబరులో ఆయుధాలు పట్టుకున్న గుంపు బెరియాకు వచ్చి, పది రోజుల్లో రాష్ట్రం వదిలిపొమ్మని ఉపాధ్యాయుల కుటుంబాలకు గడువు పెట్టింది. వాళ్లు వెళ్లిపోయారు. బడి మూతపడింది. అంతర్యుద్ధం మధ్యలో ఫీ తిరిగి కెంటకీ వచ్చి క్యాంప్ నెల్సన్‌లో పనిచేశారు. అది నల్లజాతి సైనికులను చేర్చుకుని శిక్షణ ఇచ్చే పెద్ద శిబిరం. బానిసత్వం నుంచి తప్పించుకుని సైన్యంలో చేరిన వాళ్లకూ వాళ్ల కుటుంబాలకూ ఆయన అక్కడ అక్షరాలు నేర్పారు. యుద్ధం అయ్యాక వాళ్లలో కొందరిని బెరియాకు రమ్మన్నారు.

1866లో బడి మళ్లీ తెరిచి నల్లజాతి పిల్లలు లోపలికి అడుగుపెట్టగానే చాలామంది తెల్ల విద్యార్థులు లేచి వెళ్లిపోయారు. ఫీ వాళ్లను బతిమాలలేదు. 1866-67 విద్యా సంవత్సరానికి మొత్తం 187 మంది చేరారు. 96 మంది నల్లవాళ్లు, 91 మంది తెల్లవాళ్లు. ఊళ్లో ఇళ్ల స్థలాలు కూడా ఒక చోట తెల్లవాళ్లూ ఇంకో చోట నల్లవాళ్లూ అని విడిపోకుండా, ఇరుగుపొరుగుగా కలిసి ఉండేట్టు పంచారు. ఊరికి ఒక పక్కన వాడ, దానికి వేరే బావి అన్న ఏర్పాటు చూసిన మనకు, 1860ల్లోనే ఒక మనిషి ఇది ఆలోచించాడంటే ఆ పని బరువెంతో వేరే చెప్పక్కర్లేదు. 1869లో మొదటి అధ్యక్షుడిగా ఎడ్వర్డ్ హెన్రీ ఫెయిర్‌చైల్డ్ వచ్చాక డిగ్రీ తరగతులు మొదలయ్యాయి. ఆయన ఇరవై ఏళ్లపాటు ఈ సమాన నిష్పత్తిని కాపాడారు.

1892లో తిరిగిన మలుపు

ఆ ఏడాది విలియం గుడెల్ ఫ్రాస్ట్ అధ్యక్షుడయ్యారు. కాలేజీ ఖజానా దాదాపు ఖాళీ. యుద్ధం తర్వాత నల్లజాతి చదువుకి ఉదారంగా డబ్బిచ్చిన ఉత్తరాది దాతల ఉత్సాహం అప్పటికి చల్లబడింది. ఫ్రాస్ట్‌కు ఒక దారి కనిపించింది. తూర్పు కెంటకీ కొండల్లో బతికే పేద తెల్ల కుటుంబాలు. వాళ్లకు రోడ్లు లేవు, బడులు లేవు. వాళ్ల మీద ఆయన ఉత్తరాది సభల్లో మాట్లాడారు, పత్రికల్లో రాశారు. తొలి వలసదారుల రక్తం చెక్కుచెదరకుండా మిగిలిన జనమని, యుద్ధంలో దేశ సమైక్యత వైపు నిలిచిన జనమని చెప్పారు. డబ్బు వచ్చింది. అపలాచియా అన్నది ఒక ప్రత్యేక ప్రాంతమన్న భావన అమెరికా మధ్యతరగతి మనసులో నాటుకోవడంలో ఫ్రాస్ట్ పాత్ర పెద్దది.

ట్యూషన్ ఫీజు తీసుకోకపోవడం కూడా 1892లోనే మొదలైంది. అదే కాలంలో తెల్ల విద్యార్థుల సంఖ్య వేగంగా పెరిగి, నల్లజాతి విద్యార్థుల వాటా కుంచించుకుపోతూ వచ్చింది. నల్లజాతి పూర్వ విద్యార్థులు ఇది మొదటి ప్రతిజ్ఞకు ద్రోహమని బహిరంగంగానే అన్నారు. ముసలితనంలో ఉన్న ఫీకి కూడా ఈ దారి నచ్చలేదు. ఆయన 1901లో చనిపోయారు. ఫ్రాస్ట్ చెడ్డవాడని నేననను. కొండల్లో చదువు అందని పిల్లలు నిజంగానే ఉన్నారు, వాళ్లకు ఆయన చేసిన మేలు నిజం. కానీ దాతలకు ఏ కథ నచ్చుతుందో చూసుకుని ఆ కథకు తగ్గట్టు సంస్థను మలచడం ఎక్కడికి దారితీస్తుందో బెరియాలో స్పష్టంగా కనబడుతుంది.

నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి చదువుకున్న ఆ చివరి రోజుల్లో చదివిన వాళ్లలో ఒకరి పేరు చెప్పాలి. కార్టర్ జి. వుడ్‌సన్. తల్లిదండ్రులు బానిసలుగా బతికినవాళ్లు. ఆయన బొగ్గు గనుల్లో పనిచేసి, ఒక పక్క టీచరుగా పనిచేస్తూ, వీలున్నప్పుడల్లా బెరియాకు వచ్చి చదివి 1903లో డిగ్రీ తీసుకున్నారు. తర్వాత హార్వర్డ్‌లో డాక్టరేట్ చేశారు. 1926లో ఆయన మొదలుపెట్టిన నల్లజాతి చరిత్ర వారమే ఇప్పుడు అమెరికా అంతా ఫిబ్రవరిలో జరుపుకునే బ్లాక్ హిస్టరీ మంత్. వుడ్‌సన్ ఒక్క ఏడాది ఆలస్యం చేసి ఉంటే ఆ డిగ్రీ ఆయనకు అక్కడ దొరికేది కాదు.

ఎందుకంటే 1904లో కెంటకీ శాసనసభ డే చట్టం తెచ్చింది. కార్ల్ డే అనే సభ్యుడు ప్రతిపాదించాడు కాబట్టి ఆ పేరు. నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ కలిపి చదివించే ఏ విద్యాసంస్థకైనా వెయ్యి డాలర్ల జరిమానా. పాఠం చెప్పిన టీచర్లకూ జరిమానా, కూర్చుని విన్న విద్యార్థికి రోజుకు 50 డాలర్లు. ఒకే సంస్థ రెండు జాతులకూ చదువు చెప్పాలంటే రెండో శాఖ కనీసం 25 మైళ్ల అవతల ఉండాలి. రాష్ట్రంలో ఇలా కలిపి చదివించే కాలేజీ ఒక్కటే ఉంది. చట్టంలో బెరియా పేరు రాయలేదు, రాయాల్సిన అవసరమూ లేదు.

కాలేజీ కోర్టుకెళ్లింది. ఇక్కడ న్యాయవాదన కాస్త మెలికగా ఉంటుంది, కానీ తెలుసుకోదగ్గది. బెరియా ప్రైవేటు సంస్థ. అప్పట్లో ప్రభుత్వ సొమ్ము తీసుకునేది కాదు. వచ్చేవాళ్లు ఇష్టపడి వస్తున్నారు, చెప్పేవాళ్లు ఇష్టపడి చెబుతున్నారు. మధ్యలో ప్రభుత్వానికి ఏం పని? రాష్ట్ర అప్పీల్సు కోర్టు 25 మైళ్ల నిబంధనను కొట్టేసి మిగతా చట్టాన్ని నిలబెట్టింది. 1908లో అమెరికా సుప్రీంకోర్టు 7-2తో అదే దారిన వెళ్లింది. వ్యక్తులను ఇలా విడదీయవచ్చా అన్న అసలు ప్రశ్నను కోర్టు తాకలేదు. బెరియా ఒక కార్పొరేషన్, దానికి పుట్టుకనిచ్చింది రాష్ట్రం, కాబట్టి దాని హక్కులను రాష్ట్రం సవరించుకోవచ్చని తేల్చి ఊరుకుంది.

విభేదించిన ఇద్దరిలో జస్టిస్ జాన్ మార్షల్ హార్లన్ ఒకరు. ఆయన కూడా కెంటకీ మనిషే. రైళ్లలో నల్లవాళ్లకు వేరే పెట్టెలు పెట్టడాన్ని కోర్టు సమర్థించిన 1896 నాటి ప్లెసీ కేసులో ఒంటరిగా అసమ్మతి రాసిన జడ్జి ఆయనే. కార్పొరేషన్ అన్న ముసుగులో కోర్టు అసలు విషయం దాటేసిందని ఆయన రాశారు. ఈ తర్కాన్ని ఒప్పుకుంటే రేపు ఆదివారం బడిలో ఇరు జాతుల పిల్లలు కలిసి కూర్చోవడాన్ని కూడా రాష్ట్రం నేరం చేయవచ్చు కదా అని అడిగారు.

తర్వాత కాలేజీ ముందున్న ప్రశ్న: ఎవరిని ఉంచుకోవాలి? బెరియా తెల్ల విద్యార్థులను ఉంచుకుంది. నల్లజాతి విద్యార్థులు ఫిస్క్ లాంటి నల్లజాతి కాలేజీలకు వెళ్లడానికి సాయం చేసింది. లూయీవిల్ దగ్గర వాళ్లకోసం లింకన్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ కోసం విరాళాలు పోగుచేసింది. ఆండ్రూ కార్నెగీ కూడా దానికి పెద్ద మొత్తం ఇచ్చారు. 1912లో అది తెరుచుకుంది. పౌరహక్కుల నాయకుడు విట్నీ యంగ్ ఆ ప్రాంగణంలోనే పుట్టి పెరిగారు. కానీ అది ప్రధానంగా చేతిపనులూ టీచరు శిక్షణా ఇచ్చే స్కూలు. బెరియాలో దొరికే డిగ్రీ అక్కడ లేదు. 1950లో డే చట్టాన్ని సవరించగానే బెరియా నల్లజాతి విద్యార్థులను మళ్లీ చేర్చుకుంది. మధ్యలో పోయినవి 46 ఏళ్లు.

డబ్బు ఎక్కడిది

"పిల్లలు పనిచేసి ఫీజు తీర్చుకుంటారు" అని బెరియా గురించి చాలాచోట్ల రాస్తారు. ఇది పొరపాటు. వారానికి పది, పదిహేను గంటల పనితో అమెరికాలో కాలేజీ చదువు ఖర్చు తీరదు. అసలు ఆధారం కార్పస్ ఫండ్. 1920లో కాలేజీ ట్రస్టీలు ఒక నిర్ణయం తీసుకున్నారు: ఎవరైనా వీలునామాలో ఫలానా పనికని షరతు పెట్టకుండా కాలేజీకి ఆస్తి రాస్తే, అది ఖర్చు పెట్టకూడదు, నేరుగా కార్పస్‌లో కలపాలి. చూడ్డానికి మామూలు తీర్మానం. కానీ వచ్చిన డబ్బుతో వెంటనే భవనం కట్టి పేరు చెక్కించుకోవాలన్న ఉబలాటాన్ని ప్రతి తరం ట్రస్టీలూ అణచుకోవాలి. వందేళ్లు అలా అణచుకున్నారు. ఈరోజు ఆ నిధి విలువ వంద కోట్ల డాలర్లకు పైనే.

ఆ అసలును ముట్టుకోరు. ఏటా అందులో సుమారు ఐదు శాతం లోపు తీసి ఖర్చు పెడతారు. ఉజ్జాయింపుగా వంద కోట్ల మీద ఐదు శాతమంటే ఐదు కోట్ల డాలర్లు. పదిహేను వందల మందికి పంచితే తలకు 33 వేల డాలర్లు. కాలేజీ నడవడానికి కావలసిన దాంట్లో పెద్ద భాగం అక్కడి నుంచి, మిగతాది ఏటేటా వచ్చే విరాళాల నుంచి, విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్ లాంటి వాటి నుంచి వస్తుంది. కాలేజీ పరిమాణం ఎందుకు పెరగదో కూడా ఈ భాగహారంలోనే ఉంది. విద్యార్థుల సంఖ్య రెట్టింపు చేస్తే తలసరి వాటా సగమవుతుంది. మార్కెట్ పడితే కాలేజీ కూడా ఇరుకున పడుతుంది. 2008 సంక్షోభంలో నిధి విలువ తగ్గినప్పుడు బెరియా ఖర్చులు కోసుకోవాల్సి వచ్చింది.

మన ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో దీన్ని పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. మన దగ్గర ఫీజు ఉంటుంది, విద్యార్థి తరఫున ప్రభుత్వం కడుతుంది. ప్రభుత్వం బకాయి పెడితే టెన్షన్ విద్యార్థిది, సర్టిఫికెట్ కోసం ఆఫీసు చుట్టూ తిరిగేది వాడే. బెరియాలో ట్యూషన్ బిల్లు భారం విద్యార్థి మీదికి రానే రాదు. అయితే "అంతా ఉచితం" అనుకోవడం కూడా తప్పే. హాస్టలు, భోజనం, పుస్తకాల ఖర్చులుంటాయి. కుటుంబ స్తోమతను బట్టి కొందరు కొంత కడతారు, కొందరికి గ్రాంట్లతో సరిపోతుంది.

ఇంకో షరతు చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. డబ్బున్న ఇంటి పిల్లలకు ఇక్కడ సీటు రాదు. మార్కులు ఎన్నున్నా సరే, కుటుంబ ఆదాయం పరిమితి దాటితే అంతే. ఎక్కువమంది అపలాచియా ప్రాంతం నుంచి, కెంటకీ నుంచి వస్తారు. విదేశీయులకు ఏటా కొద్ది సీట్లే ఉంటాయి. అమెరికా వెళ్లే మన పిల్లల్లో దీని పేరు పెద్దగా వినబడకపోవడానికి అదొక కారణం. పైగా ఇక్కడ మాస్టర్స్ కోర్సులు లేవు. మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది వాటికే.

ఇక పని సంగతి. ప్రతి విద్యార్థికీ కాలేజీలో ఒక ఉద్యోగం ఉంటుంది, వారానికి కనీసం పది గంటలు. మినహాయింపు లేదు. కూలి తక్కువే, చేతిఖర్చుకు సరిపోతుంది. బెరియా అనగానే ఫొటోల్లో కనిపించేవి మగ్గాలు, చీపుర్లు, చెక్క సామాను. అవి నిజంగానే ఉన్నాయి. చీపుర్ల తయారీ వందేళ్లుగా నడుస్తోంది, నేతపని అంతకన్నా పాతది. కానీ ఎక్కువమంది చేసేది మామూలు పనులు: లైబ్రరీ కౌంటరు, కంప్యూటర్ల మరమ్మతు, ల్యాబులు, భోజనశాల, గదులు ఊడవడం, పొలం, పశువులు. ఊరి నడిబొడ్డున 1909లో కట్టిన బూన్ టావెర్న్ అనే హోటల్లో రిసెప్షన్లో నిలబడేదీ, వడ్డించేదీ విద్యార్థులే. పనికి కూడా ప్రతి టర్మ్‌లో మదింపు ఉంటుంది. డిగ్రీతో పాటు చదువు మార్కుల జాబితా ఒకటి, పని రికార్డు ఒకటి చేతికొస్తాయి.

అమెరికాలో ఇలాంటి వర్క్ కాలేజీలు ఇంకా కొన్ని ఉన్నాయి. అదే కెంటకీలోని ఆలిస్ లాయిడ్ కాలేజీ, మిసోరీలోని కాలేజ్ ఆఫ్ ది ఓజార్క్స్ వాటిలో ఉన్నాయి. మామూలు అమెరికన్ యూనివర్సిటీల్లో కూడా పేద పిల్లలు క్యాంపస్ ఉద్యోగాలు చేస్తారు. అక్కడ ఇబ్బందల్లా ఒకరు ప్లేట్లు కడుగుతుంటే ఇంకొకరు తిని లేచిపోతారు. క్లాసులో పక్కపక్కన కూర్చునేవాళ్లే. బెరియాలో అందరూ కడుగుతారు. పనికి ఉన్న చిన్నచూపును తీసేయడానికి నాకు తెలిసినంతలో ఇంతకన్నా సూటి మార్గం లేదు. పని ఉద్దేశం డబ్బు కాదు, ఇదే. కులం ప్రకారం పనికి విలువ కట్టే అలవాటున్న మన సమాజం ఈ ఒక్క విషయాన్ని జాగ్రత్తగా చూడాలి.

పనీ చదువూ కలిసి రోజంతా నిండిపోవడంతో క్యాంపస్ జీవితం పెద్ద యూనివర్సిటీల కంటే నెమ్మదిగా, కాస్త కట్టుదిట్టంగా ఉంటుంది. అమెరికన్ యూనివర్సిటీల్లో మామూలుగా కనిపించే, గ్రీకు అక్షరాలు పేర్లుగా ఉన్న విద్యార్థి క్లబ్బులు, వాటి పార్టీలు ఇక్కడ లేవు. ఉపన్యాసాలు, కచేరీలు జరిగే కాన్వొకేషన్లకు ప్రతి టర్మ్‌లో కొన్నింటికి తప్పక వెళ్లాలి. అవి జరిగే ఫెల్ప్స్ స్టోక్స్ చాపెల్‌ను 1906లో కట్టింది విద్యార్థులే. ఇటుకలు వాళ్లు కాల్చినవే, కలప కాలేజీ అడవి నుంచి వచ్చిందే. ఆ అడవి సుమారు తొమ్మిది వేల ఎకరాలు. ఒకప్పుడు ఊరికి కరెంటు, మంచినీళ్లు కూడా కాలేజీయే సరఫరా చేసేది.

అక్టోబరులో ఒక రోజు క్లాసులు, పనులు అన్నీ ఆపేసి మౌంటెన్ డే జరుపుతారు. 1870ల నుంచి వస్తున్న పండుగ అది. కాలేజీ అంతా పినకిల్స్ అనే కొండ శిఖరాలెక్కుతుంది. కొందరు తెల్లవారకముందే లాంతర్లు, టార్చిలైట్లు పట్టుకుని బయలుదేరి సూర్యోదయానికి పైనుంటారు. కింద పాటలు, కొండ ప్రాంతపు సంగీతం, నృత్యాలు, తిండి. వేరే రోజు లేబర్ డే కూడా ఉంటుంది, మామూలు అమెరికన్ సెలవులాగా సెప్టెంబరులో కాదు, వసంతంలో. బాగా పనిచేసిన వాళ్లను ఆ రోజు సత్కరిస్తారు.

ఈ క్యాంపస్ నుంచి వచ్చిన వాళ్లలో 2002లో రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్న జాన్ ఫెన్ ఉన్నారు. అమెరికా వాణిజ్య మంత్రిగా పనిచేసిన జువానీటా క్రెప్స్ ఉన్నారు. ఫెన్ 1937లో, క్రెప్స్ 1942లో డిగ్రీ పొందారు. ఇద్దరివీ నల్లజాతి విద్యార్థులకు ప్రవేశం లేని ఏళ్లు. అదే ప్రతిభ ఉన్న నల్లజాతి యువకుడో యువతో ఆ ఏళ్లలో ఎటు వెళ్లి ఉంటారన్న ప్రశ్న పూర్వ విద్యార్థుల జాబితా చూసినప్పుడల్లా నాకు కలుగుతుంది. 1920 నాటి తీర్మానం, దానితో పెరిగిన కార్పస్‌లో మొదటి ముప్ఫై ఏళ్ల భాగం, అన్నీ ఆ తలుపు మూసి ఉన్నప్పటివే. అందుకే ఆ నిధి ఎవరి పేరు మీద పోగైందో, ఇప్పుడు ఎవరికి ఉపయోగపడుతోందో రెండూ కలిపి చెప్పాలి.

కాలేజీ ఈ చరిత్రను దాచిపెట్టుకోవడం లేదు. వుడ్‌సన్ పేరుతో క్యాంపస్‌లో ఒక కేంద్రం ఉంది. నల్లజాతి స్త్రీవాద రచయిత్రి బెల్ హుక్స్ కెంటకీలోనే పుట్టి, దేశమంతా పనిచేసి, 2004లో ఇక్కడికి పాఠాలు చెప్పడానికి వచ్చారు. 2021లో ఇదే ఊళ్లో చనిపోయారు. ఆమె పేరుతోనూ ఒక కేంద్రం నడుస్తోంది.

ప్రభుత్వ చట్టం మళ్లీ ఒకసారి బెరియా మీదికి వచ్చింది, ఈసారి ఎవరూ కోరుకోకుండానే. 2017లో అమెరికా కాంగ్రెస్ పన్ను చట్టం మారుస్తూ, కనీసం 500 మంది విద్యార్థులుండి, తలకు 5 లక్షల డాలర్లకు పైగా నిధి ఉన్న ప్రైవేటు కాలేజీల పెట్టుబడి ఆదాయం మీద 1.4 శాతం పన్ను వేసింది. గురి హార్వర్డ్ లాంటి సంపన్న సంస్థల మీద. కానీ విద్యార్థులు తక్కువ, నిధి ఎక్కువ కావడంతో బెరియా కూడా ఆ లెక్కలో పడింది. పేద పిల్లల చదువుకి వాడే సొమ్ము మీదే పన్ను పడింది. కెంటకీ సెనేటర్ మిచ్ మెకానెల్ కల్పించుకున్నారు. 2018 ఫిబ్రవరిలో చట్టాన్ని సవరించి, 500 మంది అంటే ట్యూషన్ ఫీజు కట్టే 500 మంది అని మార్చారు. బెరియాలో ట్యూషన్ కట్టేవాళ్లు లేరు కాబట్టి పన్ను తప్పింది. శాసనసభ చేసిన చట్టం 46 ఏళ్లు ఆ కాలేజీని బిగించింది. కాంగ్రెస్ చేసిన ఈ తప్పు మాత్రం రెండు నెలల్లోపే సర్దుకుంది.